తెనాలిలో ఇంటి నుంచి ఉద్యోగం: నెట్టు, ఇన్వర్టరు, కుర్చీ ఎలా పనిచేశాయంటే

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. సొంతూళ్ళో కూర్చుని పనిచేసుకోమని కంపెనీ ఒప్పుకుంటే తప్పకుండా ఒప్పుకోండి, కానీ తలుపు వేసుకోవడానికి ఒక గది, ఇంట్లోదాకా వచ్చే ఫైబర్ నెట్టు, మంచి బ్యాటరీతో ఇన్వర్టరు, ఈ మూడూ కుదిరాకే హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేయండి. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా నెల తిరక్కుండానే టీమ్ లీడ్ చేత మాట పడాల్సి వస్తుంది. నా ఏర్పాటుకి నేను 5కి 4 మార్కులు వేస్తాను. మిగతా ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కూడా రాస్తాను, ఎందుకంటే ఎవరిని అడిగినా "ఇంట్లోనే కదండీ, హాయి" అంటున్నారు తప్ప అసలు వివరాలు ఎవరూ చెప్పడం లేదు.

నేను చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టర్లు రాసిన రిపోర్టు చదివి, జబ్బుకి ఐసీడీ-10 కోడు, చేసిన చికిత్సకి సీపీటీ కోడు వేస్తాం, వాటిని బట్టే అక్కడి ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు కడతారు. గంటకి ఇన్ని చార్టులని (ఒక్కో పేషెంటు రిపోర్టుని చార్టు అంటాం) టార్గెట్ ఉంటుంది, ఆడిట్‌లో క్వాలిటీ 95 శాతానికి తగ్గకూడదు. పేషెంట్ల వివరాలు బయటికి పొక్కకూడదని అమెరికాలో 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది, దాని వల్ల పనిచేసే గదిలో ఫోన్ ఉండకూడదు, కాగితం మీద ఏమీ రాసుకోకూడదు, స్క్రీన్ ఇంకొకరి కంట పడకూడదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక అరగంట నెట్ పోతే ఫోన్‌లో మెసేజ్ పెట్టి సాయంత్రం చూసుకుంటారు, మాకు అరగంట పోతే అన్ని చార్టులు పోయినట్టే. అందుకని నా రివ్యూ కాస్త గట్టిగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇందులో సగం పట్టించుకోకపోయినా వాళ్ళ పని నడుస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కంపెనీ వాళ్ళు డెస్క్‌టాప్, రెండు మానిటర్లు క్యాబ్‌లో ఇంటికి పంపించారు. అప్పుడు కొండాపూర్‌లో ఉండేవాళ్ళం. తర్వాత మాకు శాశ్వతంగా ఇంటి నుంచే అని లెటర్ ఇచ్చాక తెనాలి వచ్చేశాం, మా అత్తగారిల్లు ఇక్కడే.

ముందు నెట్టు సంగతి. ఎక్కువ మంది అడిగేది ఇదే.

తెనాలిలో మాకు మొదట ఉన్నది పాత తరహా కనెక్షన్, స్తంభం మీద ఒక డబ్బా, అందులో స్విచ్, దాన్నుంచి ఇంట్లోకి లాన్ వైరు. నెలకి తక్కువే తీసుకునేవాళ్ళు. దానితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే స్తంభం మీద డబ్బాకి కూడా కరెంటు కావాలి. మన ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా, రూటరు వెలుగుతూనే ఉన్నా, వీధిలో కరెంటు పోగానే ఆ డబ్బా ఆగిపోతుంది, నెట్టు పోతుంది. డబ్బాలో చిన్న బ్యాటరీ పెట్టామంటారు, అది పావుగంట కూడా ఆగదు. ఇంట్లో వాడుకోవడానికి, పిల్లలు వీడియోలు చూసుకోవడానికి అది చాలు. ఉద్యోగానికి మాత్రం ఆ రకం కనెక్షన్ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఫైబర్‌తో పెద్ద తేడా ఇక్కడే ఉంది. ఆపరేటర్ ఆఫీసులో ఓఎల్‌టీ అని ఒక పెట్టె ఉంటుంది, అక్కడి నుంచి మన ఇంట్లో ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె దాకా మధ్యలో ఉన్నవి ఉత్త గాజు తీగ, దాన్ని ఇళ్ళకి పాయలుగా పంచే స్ప్లిటర్లు, వాటికి కరెంటు అక్కర్లేదు. అంటే ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉండి, మన ఇంట్లో బ్యాకప్ ఉంటే, ఊరంతా చీకటైనా నెట్టు నడుస్తుంది. నాకు అలాగే నడిచింది, తుఫాను గాలికి మా వీధంతా కరెంటు లేని రోజున కూడా లాగౌట్ అవ్వకుండా షిఫ్టు పూర్తిచేశాను. ఈ ఒక్క కారణానికే ఫైబర్‌కి మారమని అందరికీ చెబుతాను. కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడ్ ఎంత అని అడగడం కంటే ముందు "మీ ఆఫీసులో కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది" అని అడగండి. జనరేటర్ ఉందంటే మంచిది. బ్యాటరీలే అంటే ఎన్ని గంటలో కచ్చితంగా చెప్పించుకోండి.

స్పీడ్ విషయానికొస్తే, 300 ఎంబీపీఎస్ ప్లాన్ అంటగట్టడానికి చూస్తారు. మాలాంటి పనికి అంత అవసరం లేదు. మేం పనిచేసేది రిమోట్ డెస్క్‌టాప్ మీద, బొమ్మ మాత్రమే ఇటు వస్తుంది, దానికి 10 ఎంబీపీఎస్ ఉన్నా సరిపోతుంది. వీడియో మీటింగులకి కూడా మూడు నాలుగు చాలు. కావాల్సింది తెగకుండా నిలకడగా రావడం. పింగ్ (డేటా వెళ్ళి రావడానికి పట్టే టైము) ఒక్కసారి ఎగిరిపడితే వీపీఎన్, అంటే కంపెనీ నెట్‌వర్క్‌కి కలిపే భద్రమైన దారి, తెగుతుంది, వీపీఎన్ తెగితే తెరిచిన చార్టు లాక్ అయిపోతుంది, దాన్ని విడిపించమని లీడ్‌కి మెయిల్ పెట్టుకుని కూర్చోవాలి. నేను 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాను, 18 శాతం జీఎస్టీతో కలిపి నెలకి 800 చిల్లర పడుతోంది, ఆరు నెలలది ఒకేసారి కడితే కొంచెం తగ్గించారు. వైఫై మీద మాత్రం పని చేయకండి. రూటరు హాల్లో ఉండి, మధ్యలో రెండు గోడలుంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గదిలోకి సరిగ్గా రాదు, 2.4 మీద ఉంటే చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ అడ్డం పడతాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రూటరు నుంచి బల్లదాకా క్యాట్-6 కేబుల్ పైపులో లాగించాను, కూలితో కలిపి వెయ్యి రూపాయల్లోపే అయింది. మొత్తం ఏర్పాటులో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

సర్వీసు బావుంటుందా అంటే, మనిషి వచ్చాక బావుంటుంది, వచ్చేదాకానే టెన్షన్. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ అని ఎర్ర లైటు వెలిగిందంటే ఎక్కడో తీగ తెగిందని అర్థం, రూటరు ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం ఉండదు. ఫోన్ చేస్తే "మేడం, రెడ్ లైట్ వెలుగుతోందా, ఆకుపచ్చ లైటు మిణుకుతోందా" అని అడుగుతాడు కుర్రాడు. ఎర్రది అని చెబితే నిచ్చెన తెస్తాడు, ఆ మాటకే రెండోసారి రావాల్సిన పని తప్పుతుంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా దగ్గరుండి చూశాను. తీగలోకి ఎర్రటి లేజర్ లైటు వేస్తాడు, ఎక్కడ విరిగిందో అక్కడ పై తొడుగులోంచి కూడా ఎర్రగా వెలుగు కనపడుతుంది. ఒకసారి పిట్టగోడ మీద జామకొమ్మ పక్కన అలా వెలిగింది, ఉడత కొరికేసింది. అక్కడ కత్తిరించి, వెంట్రుకంత గాజు తీగని స్పిరిట్‌తో తుడిచి, స్ప్లైసింగ్ మెషీన్‌లో రెండు కొనలూ ఎదురెదురుగా పెడితే క్షణంలో అతికిస్తుంది. తర్వాత మీటరు పెట్టి తీగలో వెలుగు ఎంత బలంగా వస్తోందో రీడింగ్ చూస్తాడు, అది మైనస్ 20, 22 అలా ఉంటే బావున్నట్టు. మైనస్ 27 దగ్గరికి వెళ్ళిందంటే ఆ రోజుకి నడిచినా రేపో ఎల్లుండో ఇబ్బంది పెడుతుంది. మీ ఇంటికి కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆ అంకె అడిగి, ఓఎన్‌టీ మీద స్టిక్కరు అంటించి రాసి పెట్టించుకోండి. తర్వాత ఎప్పుడు నెమ్మదించినా పోల్చి చూపించి గట్టిగా అడగొచ్చు.

తీగలు తెగేది ఉడతల వల్ల ఒక్కటే కాదు. వినాయక చవితి నిమజ్జనానికి పెద్ద బొమ్మల్ని తీసుకెళ్ళేటప్పుడు వైర్లన్నీ కర్రలతో ఎత్తుతారు, ఆ మర్నాడు సగం వీధికి నెట్టు ఉండదు. వేసవి చివర్లో కరెంటు వాళ్ళు చెట్లు కొట్టేటప్పుడు కొమ్మతో పాటు తీగా పోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకైనా ఇది తప్పలేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక, స్తంభాల మీద కేబుళ్ళు చాలాచోట్ల కత్తిరించేశారు, చాలా కాలనీల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి నెట్టు లేకుండా పోయింది. ప్రాణాలు పోయాక కత్తిరించడాన్ని తప్పనలేం. అలా ఇష్టం వచ్చినట్టు స్తంభాలకి చుట్టి వదిలేయడమే తప్పు. మా వీధిలోనూ చేతికందేంత కిందికి వేలాడుతున్న తీగలున్నాయి, ఆపరేటర్‌కి చెబితే "అవి మావి కాదండీ" అంటాడు, ఇంకో ఆయన్నడిగితే అదే మాట. ఇది నాకు నిజంగా భయంగా ఉంటుంది, పిల్లలు సైకిళ్ళు తొక్కే వీధి.

ఇక కరెంటు. నా ఒక్క మార్కులో ముప్పావు భాగం ఇక్కడే పోయింది.

హైదరాబాద్ ఆఫీసులో కరెంటు పోయిందన్న సంగతే తెలిసేది కాదు. ఇక్కడ ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను మరమ్మతుకి కరెంటు ఆపడం) తీసుకున్నారంటే పొద్దున తొమ్మిదికి పోయి మధ్యాహ్నం భోజనం వేళకి వస్తుంది. ముందురోజు పేపర్లో జిల్లా పేజీలో "రేపు విద్యుత్ సరఫరాలో అంతరాయం" అని చిన్న వార్త వేస్తారు, అందులో మన ఫీడరు, అంటే మన వైపుకి కరెంటు తెచ్చే లైను, పేరుందేమో చూసుకోవాలి. మా మావయ్యగారు పొద్దున్నే పేపరు తీసి ముందు అదే చూసి నాకు చెబుతారు, "అమ్మాయ్, రేపు మన వైపే, బ్యాటరీ చూసుకో" అని. అది మెయింటెనెన్స్, చెప్పి తీస్తారు కాబట్టి ఫర్వాలేదు. చెప్పకుండా పోయేవే ఇబ్బంది. 1912కి ఫోన్ చేస్తే నమోదు చేసుకుంటారు, ఎప్పుడొస్తుందో మాత్రం లైన్‌మన్‌ని అడిగితేనే తెలుస్తుంది.

ఇన్వర్టరు కొనేవాళ్ళు ఈ లెక్క చూసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. అందులో మనకి చేతికొచ్చేది ముప్పావు వంతు దాకా అనుకోవచ్చు. నా చిన్న డెస్క్‌టాప్, రెండు మానిటర్లు, రూటరు, ఓఎన్‌టీ, ఒక ట్యూబు, ఫ్యాను కలిపితే 200 వాట్లకి కొంచెం అటూ ఇటూ. అంటే ఆరేడు గంటలు లాగాలి, కొత్తలో అలాగే లాగింది. ఫ్యాను పాతది 75 వాట్లు తినేది, బీఎల్‌డీసీ ఫ్యాను మార్చాక 30 వాట్ల దగ్గరికొచ్చింది, ఆ ఒక్క మార్పుతో బ్యాటరీ ఇంకో గంటకి పైగా నిలబడింది. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి ఇంత అక్కర్లేదు, రూటరుకి 12 వోల్టుల చిన్న మినీ యూపీఎస్ కొనుక్కుంటే వెయ్యి, పదిహేను వందల్లో పని అయిపోతుంది.

ఇన్వర్టరు షాపు మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. సైన్ వేవ్ ఇన్వర్టరు (మామూలు లైను కరెంటు లాంటిదే ఇచ్చేది) కావాలని, కంప్యూటర్ మీద ఉద్యోగమని, ఒకటికి రెండుసార్లు చెప్పి తీసుకున్నాను, ఇన్వర్టరు బ్యాటరీ కలిపి 20 వేలు దాటింది. బిగించిన మెకానిక్ చక్కగా బిగించాడు, వైర్లు కూడా నీటుగా లాగాడు, వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు నుంచి కరెంటు పోయిన ప్రతిసారీ ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది కానీ డెస్క్‌టాప్ మాత్రం ఆగి మళ్ళీ ఆన్ అవుతోంది. షాపుకి ఫోన్ చేస్తే కంప్యూటర్ పాడయిందన్నారు, కంపెనీ ఐటీ వాళ్ళు ఇన్వర్టరు మంచిది కాదన్నారు. చివరికి ఇన్వర్టరు వెనక చూస్తే చిన్న స్విచ్, దాని మీద ఒకవైపు ఎకో, ఇంకోవైపు యూపీఎస్ అని ఉంది. ఎకోలో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కాస్త టైము తీసుకుంటుంది, ఫ్యానుకీ లైటుకీ ఆ తేడా తెలియదు, కంప్యూటర్ తట్టుకోలేదు. యూపీఎస్ వైపు తిప్పగానే ఆ బాధ పోయింది. యూపీఎస్‌లో పెడితే వోల్టేజీ బాగా తగ్గినప్పుడు కరెంటు ఉన్నా బ్యాటరీ మీదికి మారుతుంది, ఎండాకాలం సాయంత్రాలు అలా జరుగుతుంటుంది, అయినా పనివేళల్లో అదే మేలు. కొనేది ఎందుకో అంత వివరంగా చెప్పినప్పుడు ఆ ఒక్క స్విచ్ తిప్పి వెళ్ళడం వాళ్ళ పని. ఆ షాపుకి సరుకు విషయంలో మంచి మార్కులే ఇస్తాను, సర్వీసుకి మాత్రం ఇవ్వలేను.

డిస్టిల్డ్ వాటర్ మూడు నాలుగు నెలలకోసారి చూసుకోండి, తేలే పుల్ల ఎరుపు గీత దాకా దిగిందంటే పోయాలి. ఏసీ దీని మీద నడవదు. అందుకే మేలో ఎల్సీ పడితే గది ఏ దిక్కున ఉందన్నది చాలా పెద్ద విషయం అవుతుంది, మాది తూర్పు గది కాబట్టి మధ్యాహ్నానికి కాస్త నయం. పడమటి గదిలో కూర్చునేవాళ్ళకి నేనైతే పని గది మార్చుకోమనే చెబుతాను.

కుర్చీ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. డైనింగ్ కుర్చీలో తొమ్మిది గంటలు కూర్చోకండి. హైదరాబాద్‌లో ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు అమ్మేసిన మెష్ కుర్చీలు పాత ఫర్నిచర్ షాపుల్లో కొత్తదాని ధరలో సగానికీ, అంతకంటే తక్కువకీ దొరికాయి, నాది అలాంటిదే, ఇల్లు మారేటప్పుడు సామాన్ల లారీలో వేసుకొచ్చాం. కొత్తగా నిగనిగలాడే లెదర్ కుర్చీ కంటే ఇదే మేలు, వీపుకి గాలాడుతుంది, నడుం దగ్గర పట్టు ఉంది. కొనేముందు గ్యాస్ లిఫ్ట్ పైకెత్తి పది నిమిషాలు కూర్చుని చూడండి, మెల్లగా కిందికి దిగిపోతుంటే వద్దు. మానిటర్ల కింద రెండు పాత డిక్షనరీలు పెట్టాక మెడ పట్టేయడం తగ్గింది.

గది తలుపు సంగతి కరెంటంత ముఖ్యం, పైగా డబ్బుతో కుదిరేది కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు మంచివాళ్ళే, నన్ను కూతుర్లాగే చూస్తారు. అయినా కళ్ళెదురుగా మనిషి ఉంటే పిలవకుండా ఉండలేరు. "అమ్మాయ్, ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాసబ్బాయి వస్తాడు, ఓటీపీ నీ ఫోన్‌కే వస్తుంది" అంటారు అత్తయ్యగారు. ఫోనేమో గది బయట ఉంటుంది, నేను లోపల. ఆ ఓటీపీ చెప్పడానికి లేచి, స్క్రీన్ లాక్ చేసి, తలుపు తీసి, మళ్ళీ వచ్చి ఎక్కడ ఆపానో వెతుక్కుని, ఆపరేషన్ నోట్ మొదటి నుంచి చదవాలి. చెప్పుకోవడానికి రెండు నిమిషాల పని. చదువుతున్న చార్టు మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది. పక్కింటావిడ కిటికీ దగ్గరకొచ్చి పలకరిస్తే మాట్లాడకపోతే బావుండదు, మాట్లాడితే స్క్రీన్ కనపడుతుంది. చివరికి గ్యాస్ బుకింగ్, కరెంటు ఆఫీసు, బ్యాంకు నంబర్లన్నీ మావయ్యగారి ఫోన్‌కి మార్పించాను, కిటికీకి మందపాటి తెర వేశాను, ఒంటిగంటకి భోజనానికి వస్తానని, అప్పటిదాకా ఇంటికి ఎవరొచ్చినా "అమ్మాయి డ్యూటీలో ఉంది" అని చెప్పమన్నాను. ఆ "డ్యూటీ" అనే మాట బాగా పనిచేసింది. లోపల ఉంది అంటే ఖాళీగా ఉందనుకుంటారు, డ్యూటీ అంటే బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఉన్నట్టు అనుకుని వెళ్ళిపోతారు.

గది లేనివాళ్ళు కొంతమంది పోటీ పరీక్షల పిల్లల కోసం పెట్టిన స్టడీ హాళ్ళలో నెలకి సీటు తీసుకుని పనిచేస్తున్నారు. ఏసీ, వైఫై, జనరేటర్ అన్నీ ఉంటాయి, చవక కూడా. కానీ అక్కడ గొంతెత్తి కాల్ మాట్లాడడానికి లేదు, మాలాంటి పేషెంట్ డేటా పనికి అసలు కుదరదు. టెస్టింగ్, కోడ్ రాసేవాళ్ళకి ఒకసారి చూడమని చెబుతాను.

లాభాలు చెప్పకపోతే అన్యాయమే అవుతుంది. కొండాపూర్‌లో అద్దె 22 వేలు, అది మొత్తం మిగిలింది. పొద్దున ట్రాఫిక్‌లో గంట, సాయంత్రం గంటన్నర బస్సుల్లో పోయేది, అది మిగిలింది. పాప స్కూలు నుంచి వచ్చే వేళకి నా టీ బ్రేకు, తలుపు తీసేది నేనే, స్కూల్లో ఏం జరిగిందో వేడివేడిగా చెబుతుంది, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరిన రోజుల్లో ఆ కబుర్లు నాకు దొరికేవే కావు. మావయ్యగారికి జ్వరమొచ్చి తగ్గక ఆసుపత్రిలో పెట్టినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుకి పరిగెత్తే పని లేకుండా పక్కనే ఉన్నాను, సెలవు కూడా ఒక్క పూటే పెట్టాను. మధ్యాహ్నం వేడన్నం, ఇంట్లో పప్పు, పెరుగు. క్యాంటీన్ తిండితో వచ్చిన కడుపు మంట మందుల్లేకుండానే తగ్గింది. ఇవి చిన్నవిగా కనపడతాయి, నాకైతే జీతం పెరిగినంత.

కానీ ఖర్చుల లెక్క ఎవరూ పూర్తిగా చెప్పరు. కరెంటు బిల్లు చూడండి. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం 225 యూనిట్లు దాటితే ఆ పైవాటికి యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఇంట్లో మామూలు వాడకం 200 దగ్గర ఆగేది, నా కంప్యూటర్లు, పగలంతా ఫ్యాను, వేసవిలో ఏసీ కలిసి పైశ్లాబులోకి తోసేశాయి. నెట్టు నాది, బ్యాటరీ నాది, కుర్చీ నాది. ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఇవన్నీ కంపెనీవి. కొన్ని కంపెనీలు నెలకి ఇంటర్నెట్ డబ్బులు ఇస్తున్నాయి, మా కంపెనీ ఇవ్వదు, పైగా రవాణా అలవెన్సు తీసేసింది.

అంతకంటే బాధ కలిగించేది డౌన్‌టైమ్. ఆఫీసులో సర్వర్ ఆగితే, నెట్టు ఆగితే, అది కంపెనీ ఖాతా, మన టార్గెట్‌లో తగ్గిస్తారు. ఇంట్లో కరెంటు పోయినా తీగ తెగినా అది మన ఖాతా. శనివారం కూర్చుని పూర్తిచేయాలి, లేదా సగం రోజు సెలవు రాయాలి. జరిగిన వెంటనే ఓఎన్‌టీ ఎర్ర లైటు ఫోటో, ఆపరేటర్‌కి పెట్టిన కంప్లయింట్ నంబరుతో మెయిల్ పెడితే కొంతమంది లీడ్‌లు ఒప్పుకుంటారు, కొంతమంది ఒప్పుకోరు. ఇంటి నుంచి పనిచేయించుకుని ఆఫీసు అద్దె మిగుల్చుకుంటున్నప్పుడు, ఊరికంతటికీ కరెంటు పోయిన గంటని మనిషి మీద వేయడం న్యాయం కాదు. ఈ మాట నేను హెచ్ఆర్‌కి కూడా రాశాను. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు గారు రాష్ట్రంలో, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామన్నారు. మంచి ఆలోచన, మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, మా వీధిలోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు బోలెడంత మంది. దాంతో పాటు పగటి ఎల్సీల సమాచారం ముందురోజు ఫోన్‌కి మెసేజ్‌గా రావాలి, డౌన్‌టైమ్ ఎవరి ఖాతాలో పడుతుందో కంపెనీలతో ముందే మాట్లాడాలి.

ఫ్రెషర్లకి మాత్రం నా సలహా వేరు. అమీర్‌పేటలో కోర్సు చేసి, సీపీసీ అనే మెడికల్ కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష పాసై మొదటి ఉద్యోగంలో చేరేవాళ్ళు కనీసం ఏడాది ఆఫీసుకి వెళ్ళండి. సీపీటీ కోడు పక్కన తగిలించే మాడిఫైయర్ 25 వేయాలా, 59 వేయాలా అన్న అనుమానం పక్క సీటు సీనియర్‌ని అడిగితే ఆవిడ స్క్రీన్ చూసి, ఈ లైను చదివావా అని వేలు పెట్టి చూపిస్తుంది. అదే ఛాట్‌లో అడిగితే ఒక లింకు పంపిస్తారు. 2021 జనవరిలో ఈ అండ్ ఎం విజిట్లకి (డాక్టరు పేషెంటుని చూసి చికిత్స నిర్ణయించే విజిట్లు) లెవెల్ వేసే పద్ధతి మారినప్పుడు మేమంతా ఇళ్ళల్లోనే ఉన్నాం, కాల్‌లో ట్రైనింగ్ ఇచ్చారు, మ్యూట్‌లో విన్నాం. పాతవాళ్ళం ఎలాగో నెట్టుకొచ్చాం, ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు ఆడిట్‌లో చాలా ఇబ్బంది పడ్డారు. ప్రమోషన్ల విషయంలో కూడా ఆఫీసులో ఎదురుగా కనిపించేవాళ్ళే ముందు గుర్తొస్తారు, అది నేను చూస్తున్నదే.

ఇంకొకటి, లాగౌట్. మిగిలిన రెండున్నర గంటల ప్రయాణం టైము మనకే మిగులుతుందనుకుంటాం, టార్గెట్ పూర్తి కాలేదని ఇంకో అరగంట, ఇంకో అరగంట అంటూ ఆ టైమంతా పనే లాగేసుకుంటుంది. షిఫ్టు అవగానే మానిటర్ల స్విచ్ గోడ దగ్గరే ఆపేసి గదికి గొళ్ళెం పెట్టి, కాలవ గట్టు వైపు నడవడానికి వెళ్తున్నాను, అది పెట్టుకున్నాకే నిద్ర కుదుటపడింది.

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో సొంతూరికి వద్దామనుకునేవాళ్ళు ముందు హెచ్ఆర్ దగ్గర "శాశ్వతంగా ఇంటి నుంచి" అని రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట మీద రాకండి, టీసీఎస్ అంతటి కంపెనీయే 2023 అక్టోబరు నుంచి వారానికి 5 రోజులు ఆఫీసుకి రమ్మంది. పిల్లల్ని స్కూలు మార్పించి, అడ్వాన్సు వెనక్కి తీసుకుని వచ్చాక పిలుపొస్తే చాలా కష్టం. ఆ లెటర్‌లోనే డౌన్‌టైమ్ నియమం ఏమిటో, కంప్యూటర్ పాడైతే కొరియర్ ఖర్చు ఎవరిదో అడిగి రాయించుకోండి.

నేను ఇప్పుడు రెండో నెట్ కనెక్షన్ కోసం చూస్తున్నాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒక గంట నెట్టుకురావచ్చు, మా గదిలో సిగ్నల్ అంత నిలకడగా ఉండదు, పైగా ఫోన్ గదిలోకి తేకూడదు. రెండో ఆపరేటర్‌ని ఎంచుకునేటప్పుడు అతని తీగ మన వీధిలోకి ఏ వైపు నుంచి వస్తుందో చూడండి. మొదటి ఆపరేటర్ స్తంభాల మీదుగానే వస్తే ఒకే లారీ రెండిటినీ తెంపుకుపోతుంది. మా వెనక వీధి స్తంభాల నుంచి ఇచ్చే అతను ఒకాయన దొరికాడు, నెలకి 400 ప్లాన్ చాలన్నాను, దసరా వెళ్ళాక వచ్చి లాగుతానన్నాడు.